లోపల ఎవరూ లేరన్నరు

మా ఇంటాయన కొలువు ఏందంటె, వాసన చూసుడు. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. బాయిల బొగ్గు తీసేసిన పాత జాగలల్ల మిగిలిపోయిన బొగ్గు తనంతల తాను వేడెక్కుతది. ఎవ్వలు అగ్గిపుల్ల గీకే పని లేదు, బీడీ తాగే పని లేదు. కొంచెం కొంచెం గాలి తగులుకుంట ఉంటె చాలు, ఎన్నడో ఒకనాడు లోపలలోపల రాజుకుంటది. రాజుకునే ముందు ఒక వాసన వస్తదట, కిరసనాయిల్ల ఏదో మురిగినట్టు. దాన్ని పసిగట్టాలె, ఇటుకలు పేర్చి మట్టి మెత్తి అడ్డగోడ కట్టాలె, గాలి ఆడకుండ చెయ్యాలె. గాలి లేకపోతె నిప్పు సస్తది. ఇదీ ఆయన విద్య. గోదావరిఖనిల కొత్త కొత్తగ బాయిలు పడుతున్న కాలమది, అరవైలు పోయి డెబ్బయిలు వచ్చినయి. అడ్డగోడల ముఠాల ఆయనకున్నంత ముక్కు ఇంకెవ్వనికి లేదని పేరు.

ఆ ముక్కు డ్యూటీ దిగంగనే పనిజేసుడు బంద్ పెట్టేది. అది నాకు పెండ్లైన మొదటి ఏడే తెలిసింది.

మేముండేది పది ఇండ్ల లైను. ఇంటికి ఒక ముందటి అర్ర, ఒక వంటిల్లు, దాని వెనుక చిన్న కొట్టు. కట్టిన మహానుభావుడు ఎవరో గని, ఇంటికి ఇంటికి నడుమ గోడలను మనిషెత్తు కంటె రెండు మూరలు పైకి లేపి, ఇగ చాలు అనుకున్నడు. ఆపైన పది ఇండ్లకు ఒక్కటే కప్పు, ఒక్కటే ఖాళీ జాగ. మొదటి ఇంట్ల తాలింపు పెడితె పదో ఇంట్ల తుమ్మేది. మూడో ఇంట్ల మొగుడు పెండ్లాలు గుసగుస పెట్టుకుంటె ఏడో ఇంటి ముసలవ్వ తెల్లారి వాళ్ళకు బుద్ధులు చెప్పేది.

పైన గూన పెంకుల సందులల్లకెల్లి బొగ్గు దుమ్ము కంచంల రాలుతదని అందరం గూన కింద గుడ్డ కట్టుకున్నం. ఆ గుడ్డ అంగట్ల కొన్నది కాదు. బాయిల గాలిని ఒక తొవ్వకు మళ్ళియ్యాలంటె తారు పూసిన గోనె పర్దాలు కడుతరు. చినిగిపోయిందని కాయితం మీద రాసిన ప్రతి పర్దా మా లైనుకు చేరేది. దానికి సున్నం కొడితె పెండ్లి పందిరి లెక్క తెల్లగ ఉండేది. ఈ ఇంటి తుకడకు ఆ ఇంటి తుకడ కలిపి కుట్టుకున్నం, ఇరుగుపొరుగు అంటె అంత ప్రేమ. ఇగ బట్టల అల్మారలు, గిన్నెల గూళ్ళు అన్ని మందుపెట్టెల చెక్కలే, బాయిల పేల్చే మందు వచ్చేది ఆ పెట్టెలల్లనే. తారు గుడ్డ కింద, మందుపెట్టె పక్కన, బొగ్గుల పొయ్యి ముందట కూసొని పొద్దంత సేఫ్టీ గురించి మాట్లాడుకునే మనుషులం మేము.

మా అత్త ఊర్ల ఉన్నన్ని రోజులు కట్టెల కోసం కోసెడు దూరం అడివికి పోయివచ్చిన మనిషి. ఆమెను ఖనికి తెచ్చినంక కంపినీ బొగ్గు ఇంటిముందట కుప్ప పోస్తె, ఆమె దాన్ని చూసి దండం పెట్టింది. అప్పటిసంది ఆమెకు ఒక్కటే ఫికర్, ఈ బొగ్గు ఎన్నడన్న ఒడిసిపోతె ఎట్ల అని. వెనుక కొట్టు నిండ బొగ్గు నింపింది. అగో, దొంగలు పడతరని కొట్టు కిటికీకి ఇటుకలు పెట్టించింది. ఖనిల బొగ్గు దొంగతనం చేసుడంటె గోదాట్ల నీళ్ళు దొంగతనం చేసినట్టే గదా, కని ఆమెకు చెప్పేటోళ్ళు ఎవరు? పెద్ద పెద్ద గడ్డలు ముందుగాల పొయ్యిల కాలిపోయినయి. అడుగున పొడిపొడి చూర మిగిలింది, దాని మీద కొత్త బొగ్గు, దాని కింద మళ్ళ చూర. దుమ్ము లేవొద్దని అప్పుడప్పుడు చెంబెడు నీళ్ళు చల్లేది. రెండేండ్లు గట్లనే నడిచింది. బాయిల చూరబొగ్గు ఒక్క జాగల కుప్ప పడ్డదంటె మేనేజరు ముందట లొల్లి పెట్టుకునే మా ఇంటాయన, ఇంట్ల ఆ కొట్టు ముందట్నే పీట వేసుకొని బువ్వ తినేది.

ఆ ఏడు ఎండలు ముదిరినంక ఇంట్ల ఒక వాసన మొదలైంది. నాకు తల నొస్తాంది, అన్నం పోతలేదు. ఇదేం వాసన జర చూడుండ్రి అని ఆయనను అడిగిన. ఆయన ముక్కు పైకి లేపి, కండ్లు మూసి, బాయిల చూసినంత శ్రద్ధగ చూసి, నీ ఆవకాయల నూనె మక్కింది అన్నడు.

నా ఆవకాయ. రెండు జాడీలు. చెయ్యి తడి తగలనియ్యకుండ పెట్టుకున్న ఆవకాయ. కొలువు చేసే ముక్కు చెప్పినంక ఇగ అప్పీలు ఏడిది? మా అత్త ఆ రెండు జాడీలు ఎత్తుకపోయి పెంట మీద బోర్లించి వచ్చింది. వచ్చి ఊకుందా అంటె లేదు, పది ఇండ్ల ముందట నిలబడి, మా కోడలుకు తొక్కు పెట్టరాదు అని చెప్పి వచ్చింది. జాడీలు పోయినయి కని వాసన పోలేదు. నాలుగో రోజు పొద్దుగాల నేను ఉండబట్టలేక అన్న, అత్తా, వాసన నీ కొట్టులకెల్లి వస్తాంది, తలుపు తీసి ఆ బొగ్గు బయట పారబోద్దాం అని. అంతే. తన బొగ్గు మీద చెయ్యి పడితె ఆ చెయ్యి ఉండదన్నది. నేను గూడ తక్కువ తినలేదు, ఇన్నేండ్ల సంది కడుపుల పెట్టుకున్నయన్ని కక్కిన. ఆమె బట్టల మూట కట్టింది. బసంత్‌నగర్ల సిమెంటు కొలువు చేసే అల్లుడున్నడు, బిడ్డ దగ్గరికి పోతున్న, ఇగ ఈ ఇంటి గడప తొక్క అన్నది. తొమ్మిదిండ్ల ముందట ఆగి ఆగి, కాశీకి పోతున్నట్టు అందరికి చెప్పి మరీ పోయింది.

పగటాల్లకు వెనుక గల్లీలకెల్లి మెల్లగ వచ్చింది. ఎండల గంటన్నర నిలబడ్డదట, బస్సు రాలేదట. మొఖం పీక్కపోయింది. పొద్దుగాల చేసిన ఆర్భాటానికి ముందట నుంచి రానికి సిగ్గై దొంగల లెక్క వెనుక తలుపుల దూరింది. నీళ్ళు ఇయ్యమన్నది. నేను చెంబు తెచ్చి ముందట పెట్టిన. తాగి, ముందటి అర్రల మంచం కింద నీళ్ళు చల్లుకొని, తడి గోనెసంచి పరుచుకొని పండుకున్నది. మా దిక్కు ఎండకాలం పగటిపూట గట్లనే పండుకుంటరు, ఆ బండ చల్లదనం మంచం మీద దొరుకది. నేను వడగాలి రాకుండ తలుపు దగ్గరికేసి పక్కింటి పందిరి కిందికి పోయిన.

పక్కిల్లు లైనుల మొదటిది, మాది రెండోది. అది మా ఇంటాయన ముఠా సర్దారుది, ఆయనను అందరం కాక అని, అంటె చిన్నాయన అని పిలిచేది. ఆ పందిరి కింద ఆడోళ్ళందరం కూసున్నం. పొద్దుగాల్నుంచి నేను అండ్ల ఒక్కటే కథ చెప్తున్న, ముసల్ది పోయింది, ఇల్లు సల్లబడ్డది, ఇగ ఆవకాయ మళ్ళ పెట్టుకుంట అని. వినేటోళ్ళు గూడ మస్తు సంబురంగ వింటున్నరు. అసుంటప్పుడు మళ్ళొచ్చి మంచం కింద పండుకున్నది అని ఎట్ల చెప్పబుద్ధైతది? చెప్పలేదు. ఆమె నడిచిన నడక, మూట ఎత్తుకున్న తీరు చేసి చూపెడుతున్న.

నిప్పు లేనిదే పొగ రాదంటరు. ఆ రోజు నిప్పు మా ఇంట్ల, పొగ పదో ఇంట్ల.

పదో ఇంట్ల ఉండేది ఆఫీసు గుమస్తా, చర్చిల గూడ పెద్దమనిషి. తెల్లబట్టలు తప్ప కట్టడు. కొట్టుల రాజుకున్న నిప్పు తలుపు చెక్క అంటుకొని వంటింట్లకు వచ్చి, మందుపెట్టెల అల్మార పట్టుకొని, పైన తారు గుడ్డకు ఎక్కింది. ఎక్కినంక వేడి పొగ కప్పు కింద ఆ ఖాళీ జాగలబడి, ఆపేటోడు లేక సరాసరి ఆ కొసకు పోయి, అక్కడ గోడ తగిలి కిందికి దిగింది. ఆయన తలుపులకెల్లి పొగ కనపడంగనే లైనంత ఉరికి గుమస్తా ఇంట్ల పడ్డరు. తాగనీకి పట్టుకున్న నీళ్ళన్ని తెచ్చి ఆయన పక్కబట్టల మీద, ట్రంకుపెట్టెల మీద, పటాల మీద కుమ్మరిచ్చిండ్రు. నిప్పు నా ఇంట్ల లేదు బాబూ అని ఆయన నెత్తి కొట్టుకుంటనే ఉన్నడు. కండ్ల ముందట పొగ పెట్టుకొని లేదంటడేంది అని ఆయన నెత్తి మీద గూడ ఒక బిందె పోసిండ్రు. నీళ్ళు ఒడిసినంక, మా ఇంటి గూనలకెల్లి మంట లేసింది.

ఇగ అప్పుడు సర్దారు కాక లేచిండు. ఆ రోజు ముఠాకు ఆటవిడుపు, మా ఇంటాయనతో సహా అందరు లైనుల్నే ఉన్నరు. కాక ఒక్క చూపు చూసి, బొగ్గు నిప్పు, నీళ్ళు పోస్తె ఇంకింత గాసు లేస్తది, మూసుడే అన్నడు. ఇద్దరు పోరగాండ్లను నాలుగో ఇంట్లకు ఎక్కిచ్చి పైన గుడ్డను అడ్డంగ కోయించిండు, మంట ఆడికెల్లి ముందుకు పోకుండ. తతిమ్మోళ్ళు మా తలుపుల మీద పడ్డరు. గోడ మరమ్మతుకని తెచ్చిన మట్టికుప్ప ఎదురుంగనే ఉన్నది. తలుపు సందులల్ల, గూన సందులల్ల, రెండు దిక్కుల నడిమి గోడల పైన కప్పు దాక తడి గోనెలు కుక్కుడు, మట్టి మెత్తుడు. బాయిల పనిని బయట ఎండల చూసుడు నాకు అదే మొదలు. ఒక్కడు ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. నా ఇల్లు కాలుతున్నది మరిచిపోయి, వీళ్ళు గింత పనిమంతులా అని చూసుకుంట నిలబడ్డ.

బాయిల ఒక పద్ధతున్నది. లోపలికి పోయే ప్రతి మనిషి ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటడు. అడ్డగోడ కట్టే ముందు బిళ్ళలు లెక్క పెడుతరు. ఒక్క బిళ్ళ లెక్క తేలకపోయినా కట్టరు. మూసినంక ఇగ తెరిచేది ఉండదు. మా లైనుల బిళ్ళలేడియి? అందుకే ముందటి తలుపు మూసే ముందు కాక అందరికి వినపడేటట్టు ఒక్కసారి అడిగిండు.

"లోపల ఎవరన్న ఉన్నరా?"

తొమ్మిదిండ్ల ఆడోళ్ళు ఒక్క గొంతుతోని, ఎవరూ లేరు, ముసలమ్మ పొద్దుగాల్నే బసంత్‌నగర్ పోయింది, మా కండ్లతో చూసినం అన్నరు. మా ఇంటాయన నా దిక్కు చూసిండు. నేను ఏం అనలేదు.

ఎందుకు అనలేదు అని ఇన్నేండ్ల సంది నన్ను నేను అడుగుతనే ఉన్న. భయానికి నోరు పెగల్లేదని నాకు నేనే చెప్పుకున్న, అది సగం నిజం. పొద్దంత లేదు లేదు అని చెప్పిన నోటితోని ఉన్నది అనుడెట్ల అని సిగ్గైంది, అది పావు నిజం. తక్కింది ఏందో నాకు ఎరుకే, చెప్పబుద్ధి కాదు. మా ఇంటాయన తట్టెడు మట్టి మెత్తిండు. ఇంకో తట్టెడు అందుకొని అది గూడ మెత్తిండు. మూడో తట్ట ఎత్తుతుంటె ఒర్రిన.

"మీ అవ్వ లోపల్నే ఉన్నది!"

నీకెట్ల ఎరుక అన్నడు. వెనుక గల్లీల ఆమె చెప్పులు ఇప్పుడే కనపడ్డయన్న. అబద్ధం గూడ అంత జల్ది పుట్టింది నాకు.

ఆయన మొఖం అప్పుడు ఎట్లైందో నేను చెప్పలేను. తలుపు మీద చెయ్యి పడ్డది, మళ్ళ ఆగింది. మూసిన నిప్పుకు మళ్ళ గాలి దొరికిందంటె ఒక్కసారే లేస్తదని ఆ లైనుల అందరికంటె ఎక్కువ ఎరుకున్నది ఆయనకే. తెరిస్తె లోపలున్నది కాలిపోతది, తెరువకపోతె ఊపిరాడక పోతది. కన్నతల్లి. అప్పుడు కాక ఆయన భుజం పట్టి, పొగ మీద ఉంటది, గాలి కింద ఉంటది, గోడ అడుగుకెల్లి రా అన్నడు. ఇద్దరు గడ్డపారలు అందుకొని కాక ఇంట్లకు ఉరికి, నడిమి గోడకు నేల సమంగ పొడిచిండ్రు. మనిషి దూరేంత బొక్క, జానెడు ఎక్కువ లేదు. మా ఇంటాయన తడి గోనె నెత్తి మీద వేసుకొని పొట్ట మీద పాకి పోయిండు. పోయిన కొద్దిసేపట్లనే ఆమె కాళ్ళు కనపడ్డయి, కాళ్ళు పట్టి గుంజుకొచ్చిండ్రు. వెంటనే కాక ఆ బొక్కను ఇటుకలు పెట్టి మూసిండు. పొగ నడుము దాక దిగినా మంచం కింద తడి బండ మీద ఉన్న మనిషికి ఊపిరి ఆడింది.

మసి మొఖంతోని దగ్గుకుంట ఆమె చేసిన మొదటి పని, చీర మోకాళ్ళ పైకి లేసిందని కొడుకును తిట్టుడు. నేను చూరు కింద కూలబడి ఏడ్చిన. లైనంత, అత్త మీద ఎంత ప్రేమనో చూడు అన్నది.

మా ఇల్లు ఇగ గట్లనే మూత పడ్డది. మేం గుమస్తా అరుగు మీద కాపురం పెట్టినం. కాక పూటకోసారి వచ్చి, మూసిన తలుపు మీద చెయ్యి పెట్టి చూసి, బాయిల రాసినట్టే సుద్దముక్కతోని తారీఖు వేసి సంతకం పెట్టేది. గోడ సల్లబడేదాక తెరిచేది లేదన్నడు. రెండో రోజు సేఫ్టీ ఆఫీసరు వచ్చిండు. పెద్ద చదువు, చేతిల ఫైలు. ఇల్లు చూడకుండ రిపోర్టు ఎట్ల రాయాలె, తెరువుండ్రి అన్నడు. వద్దు సారూ అన్నడు కాక. ఇది బాయి కాదయ్యా, ఇల్లు అన్నడు ఆఫీసరు. కాక ఇగ వాదించలేదు, సారును ఒక పక్కకు నిలబడుమన్నడు. ఆఫీసరు నడుమల్నే నిలబడ్డడు. తలుపు బెత్తెడు తెరువంగనే ముందుగాల గాలి లోపలికి గుంజుకున్నది, దుమ్ము గూడ లోపలికే పోయింది. సారు సంబురపడి, చూసినరా ఏం లేదు అని నోరు తెరిచేటప్పటికి నిప్పు గుప్పుమని బయటికి వచ్చి మళ్ళ లోపలికి పోయింది. సారు ఫైలు ముందట పెట్టుకున్నడు గనుక మొఖం దక్కింది, కనుబొమ్మలు దక్కలేదు. తలుపు మళ్ళ మూసిండ్రు. తొమ్మిదో రోజు దాక తెరువలేదు.

తొమ్మిదో రోజు విచారణ. సారు కనుబొమ్మలు లేకుండనే కూసున్నడు. ఆయన ఏం అడిగినా ఆశ్చర్యపోయినట్టే ఉండె. అంతకుముందే కాలనీ అంత ఇండ్లల్ల తారు గుడ్డలు మాయమైనయి. విచారణ అయిపోయిన వారానికి మళ్ళ కట్టుకున్నరు, అది వేరే సంగతి. నిప్పు ఎట్ల పుట్టింది అనే జాగల రాయనీకి ఆయన దగ్గర అచ్చువేసిన కారణాలున్నయి, పొయ్యి, బీడీ, కరెంటు. కంపినీ బొగ్గు తనంతల తాను అంటుకున్నది అనే కారణం ఇండ్ల కాయితంల లేదట, అది బాయిల కాయితంల ఉంటదట. అందుకని షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నడు. ఆ కొట్టుల కరెంటు తీగ ఎన్నడు లేదు. సంతకం పెట్టుమంటె మా ఇంటాయన, వాసన చూసే కొలువు చేసే మనిషి, తలకాయ వంచుకొని పెట్టిండు.

అంతటితోని పోతె బాగుండు. ఆఫీసరు ఫైలు మూయబోయి మళ్ళ తెరిచి, మూసే ముందు మనుషుల లెక్క ఎవరు తీసిండ్రు, లోపల ఎవరూ లేరని చెప్పింది ఎవరు, ఆ ఇంటి మనిషి ఏం చెప్పింది అని అడిగిండు. అందరు నన్ను చూసిండ్రు. మా ఇంటాయన గూడ చూసిండు. అప్పటికే ఆయనకు ఏదో అనుమానం ఉన్నది, వెనుక గల్లీల చెప్పులేడియని నన్ను రెండుసార్లు అడిగిండు. ఇగ నా సంసారం ఖతం అనుకున్న. ఈ మొగుడు ఇగ నా మొఖం చూడడు, పది ఇండ్ల నడుమ నేను తల ఎత్తలేను.

మా అత్త దగ్గుకుంట లేచింది.

"నేనచ్చింది కోడలికి ఎర్క లేదు సారూ. ఎన్క తలుపులకెల్లి అచ్చి, ఎవ్వలకు చెప్పకుండ పండుకున్న. చెప్పులు సూసి ఒర్రింది గనుక బతికిన. రాసుకో."

సారు రాసుకున్నడు. మా ఇంటాయన ఒక్కసారి పెద్దగ ఊపిరి ఇడిసిండు.

ఆ మాపటీలి మేమిద్దరం ఇల్లు కడుగుతున్నం. ఆమె కూసొని మసి గిన్నెలు తోముతాంది. నేనిచ్చిన చెంబుల నీళ్ళు తాగిన మనిషి, నాకు ఎరుక లేదని ఎట్ల చెప్పింది? అడగొద్దనుకుంటనే అడిగిన. ఆమె తలెత్తలేదు. పొగకు మత్తు వచ్చి కాళ్ళు లేవలేదట, గొంతు రాలేదట, కని పైన గుడ్డ కాలిపోయి బయటి మాట అంత స్పష్టంగ వినబడ్డదట. సర్దారు అడిగింది విన్నదట, ఆడోళ్ళు లేదన్నది విన్నదట. నీ గొంతు కోసం చెవి పెట్టుకొని ఉన్న, జర ఆలస్యమైంది అన్నది.

నేను చీపురు కింద పడేసి ఆమె కాళ్ళ దగ్గర కూసున్న. తప్పైంది అత్తా అని ఏడుస్తున్న. ఆమె గిన్నె మీద ఇంకింత బూడిద వేసి రుద్దుకుంటనే అన్నది.

"ఏడువకు పిల్లా. నీ జాగల నేనుండి, లోపల మా అత్త ఉంటె, గోడ మొత్తం కట్టినంక యాదికి తెచ్చుకుందును."